పిట్ట చేతివాసి

ఆ తోటలో గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఒక్కరి మాటే వినేది. ఆ ఒక్కరూ పిట్ట.

పిట్ట అంటే ఆ తోట యజమాని తమ్ముడి కూతురు. సన్నగా ఉంటుంది, గొంతు పైకి లేవదు, ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. అందుకే పెదనాన్న ఆ పేరు పెట్టాడు. అదే నిలిచిపోయింది. బడి చదువు అయిపోయాక సెలవులు గడపడానికని పెదనాన్న ఇంటికి వచ్చింది. అప్పటినుంచీ ఆ సెలవులు నడుస్తూనే ఉన్నాయి.

పెదనాన్నది పచ్చిక తోట. కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ముంగిట్లో పచ్చిక కావాలని అడిగితే, గడ్డిని మట్టితో సహా పలచగా కోసి, చాప చుట్టినట్టు చుట్టి, వ్యానులో వేసి పంపిస్తాడు. చూసేవాళ్ళకి ఆ తోట కళ్ళకి చల్లగా ఉంటుంది. దాని చాకిరీ మాత్రం పసిపిల్ల చాకిరీ. రోజు విడిచి రోజు కొయ్యాలి. ఒక్క కోత తప్పిందా, పైన ఏపుగా పెరిగి అడుగున పలచబడుతుంది. అలాంటి గడ్డిని చుట్టబోతే పాత చీరలా మధ్యలో చిరుగుతుంది. ఆదివారమని అది పెరగడం మానదు. ఒంట్లో బాగాలేదన్నా మానదు.

అంత గడ్డినీ కోసేది ఆ ట్రాక్టరే. నాలుగు చిన్న చక్రాలు, ఒక్క మనిషి పట్టే సీటు, పొట్ట కింద తిరిగే కత్తులు. వ్యాను డ్రైవరు దానికి మహారాణి అని పేరు పెట్టాడు. "లేవమంటే లేవదు. లేచినా నాలుగడుగులు వేసి మూర్ఛపోతుంది. ఇంతకన్నా మహారాణి లక్షణాలు ఇంకేం కావాలి?" అనేవాడు.

అతను తాళంచెవి తిప్పితే ఇంజను గిరగిరా తిరిగి బ్యాటరీ దిగిపోయేదే గానీ అందుకునేది కాదు. పెదనాన్న తిప్పినా అంతే. పిట్ట వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, అదీ ఇదీ చూసుకుని, సీటెక్కి చోక్ లాగి తిప్పితే మాత్రం ఒక్క దగ్గు దగ్గి లేచి కూర్చునేది.

"చేతివాసి" అనేది పెద్దమ్మ. "కొందరు డాక్టర్లు చెయ్యి పట్టుకుంటేనే సగం రోగం దిగిపోతుంది చూడు, అలాంటిది మన పిట్ట చెయ్యి."

మొదట్లో ఆ మాట చెవిలో తేనె పోసినట్టుండేది. బళ్ళో వెనక బెంచీలో ఎవరి కంటా పడకుండా కూర్చున్న పిల్ల. అలాంటిది పెద్ద పెద్దవాళ్ళు చేతకాక నడుం మీద చేతులు పెట్టుకుని తన కోసం ఎదురుచూస్తుంటే ఏదో గొప్పగా ఉండేది. రానురానూ ఆ మాటే కాలికి తాడయింది. అమ్మ దగ్గరికి నాలుగు రోజులు వెళ్ళొస్తానంటే, "వెళ్ళు తల్లీ, ఎవరు కాదన్నారు? కోత అవనీ" అనేది పెద్దమ్మ. కోత అయ్యేది. ఆ చివర అయ్యేసరికి ఈ చివర మళ్ళీ పెరిగేది.

మెకానిక్‌కి చూపించకపోలేదు. బండిని వ్యానెక్కించి షాపుకి పంపితే, అతను ముందు ట్యాంకులో ఉన్న పాత పెట్రోలంతా పారబోసి కొత్తది పోసుకునేవాడు. అక్కడ మహారాణి మొదటి తిప్పుకే లేచేది. అయినా అతను ఊరుకోకుండా ప్లగ్గు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. చివరికి చేతులు దులుపుకున్నాడు. "నా దగ్గర గుర్రంలా పరిగెడుతోంది. మీ ఇంటికొచ్చి అలుగుతోందంటే అది మీ ఇంటి గొడవ. నన్ను లాగకండి."

ఇలా ఉండగా పిట్టకి పట్నంలో, యంత్రాల పని నేర్పే బడిలో సీటు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టుకుంది. వచ్చాక చెప్పక తప్పలేదు. పెదనాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. భోజనం చేస్తూ, తల ఎత్తకుండా, నెమ్మదిగా అన్నాడు.

"నేనొద్దంటానా? నీ చెయ్యి కాక ఇంకో చెయ్యి పడ్డా బండి లేచిన రోజున నిక్షేపంలా వెళ్ళు."

అమ్మకి ఫోన్ చేస్తే, "ఆయన న్యాయంగానే అన్నారు కదే" అంది.

ఆ రోజునుంచీ పిట్ట వ్యాను డ్రైవరుకి నేర్పడం మొదలుపెట్టింది. చోక్ ఎంత లాగాలి, యాక్సిలరేటర్ పిడి ఎక్కడుంచాలి, తాళం ఎంతసేపు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి. అతను బుద్ధిగా నేర్చుకున్నాడు. బండి మాత్రం లేవలేదు.

"పాపా, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశా. ఒక్క ముక్క వదల్లేదు" అనేవాడు.

నిజమే, అతను వదల్లేదు. చెప్పకుండా తనే ఏదో వదిలేస్తోందని పిట్ట అనుమానం. రాత్రి పడుకుని ఒక్కో పనీ మనసులో మళ్ళీ చేసి చూసుకునేది. ఏమీ దొరికేది కాదు.

*

బడిలో చేరడానికి ఆఖరు రోజు వచ్చేసింది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా అక్కడుండాలి. అంటే సందు చివర పొద్దుటి బస్సు పట్టుకోవాలి. అది తప్పితే తర్వాతి బస్సు వెళ్ళేసరికి అక్కడ తాళం వేసుకుని పోతారు. సీటు ఇంకొకరి పాలవుతుంది.

పిట్ట తెల్లవారుతూనే షెడ్డులోకి వెళ్ళింది. నిన్న సగం తోట కోసింది. మిగతా సగం ఇప్పుడే కోసేస్తే రెండు రోజులు ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత డ్రైవరు బాబాయ్‌ని ఆఖరుసారి బండెక్కించి చూడాలి. లేస్తే సరే. లేవకపోతే? ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆలోచన ప్రతిసారీ ఆగిపోయేది.

షెడ్డు వంటింటి గోడని ఆనుకుని ఉంటుంది. పైన రేకులు, ఒక్కటే తలుపు, కిటికీ లేదు. ఎరువు బస్తాలూ, పెట్రోలు డబ్బాలూ, ఎండిన గడ్డీ అన్నీ కలిసి ఒకటే ఘాటు. పిట్ట నేరుగా సీటెక్కి, చోక్ లాగి తాళం తిప్పింది.

గిర్రు గిర్రు గిర్రు. అంతే.

మళ్ళీ తిప్పింది. గిర్రు గిర్రు గిర్రు. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. డ్రైవరు తిప్పినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమే, ఇంకా లేవలేదా?" పెద్దమ్మ గొంతు.

"లేస్తుంది పెద్దమ్మా."

"నీ చేతిలో కూడా లేవకపోతే ఇంక అయిపోయినట్టే!" పెద్దమ్మ నవ్వుతూనే అంది. పిట్ట మాత్రం నవ్వలేకపోయింది. ఇంకో చెయ్యి పడ్డా లేచిన రోజున వెళ్ళమన్నాడు పెదనాన్న. ఇప్పుడు తన చెయ్యి పడ్డా లేవడం లేదు. ఉన్న ఒక్క తలుపూ ఎవరో బయటినుంచి గడియ పెట్టినట్టయింది.

ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైము లేదు. దిగి బానెట్ ఎత్తింది.

బండితో పాటు మెకానిక్ షాపుకి వెళ్ళినప్పుడల్లా చూసి చూసి కొంత నేర్చుకుంది. ముందు ప్లగ్గు విప్పింది. ఇంతసేపు తిప్పితే ప్లగ్గు పెట్రోలుతో తడిసి గుప్పుమనాలి. పొడిగా ఉంది. అంటే నిప్పు సంగతి తర్వాత, అసలు పెట్రోలే ఇంజను దాకా రావడం లేదు. ఎక్కడో ఆగిపోతోంది. ఎక్కడ?

కార్బురేటరు దగ్గర పైపు క్లిప్పు వదులు చేసి, పైపు ఊడదీసి, ఖాళీ రేకు డబ్బాలోకి వంచింది. నాలుగు చుక్కలు పడ్డాయి. ఆగిపోయింది. ఫిల్టరు అడ్డుపడిందేమో అని ఈసారి ఫిల్టరుకి ముందే పైపు ఊడదీసింది. దారంలా సన్నగా కాస్త కారింది. అదీ ఆగిపోయింది. అంటే ఫిల్టరు తప్పు కాదు, కార్బురేటరు తప్పు కాదు. ట్యాంకు నుంచే రావడం లేదు. ట్యాంకు ఇంజను కన్నా పైనే ఉంటుంది. దానంతటది కిందికి దిగాలి. నిన్న తనే పోసింది, సగానికి పైగా ఉండాలి. అంతా ఏమైపోయింది?

చూద్దామని ట్యాంకు మూత తిప్పింది.

'ఉస్స్' అంది ట్యాంకు. ఎవరో ఊపిరి బిగబట్టి బిగబట్టి, ఒక్కసారి పీల్చుకున్నట్టు. అదే క్షణంలో కింద వేలాడుతున్న పైపులోంచి పెట్రోలు బొళబొళా డబ్బాలో పడింది.

పిట్ట చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

మూత గట్టిగా బిగించి చూసింది. ధార సన్నబడింది, దారమయింది, చుక్కయింది, ఆగింది. మూత తీసింది. బొళబొళా పడింది. మళ్ళీ బిగించింది, మళ్ళీ తీసింది. డబ్బా నిండబోతుంటే పైపుకి వేలు అడ్డుపెట్టింది. పెట్రోలు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోందని ఆమెకి తెలియనే లేదు.

చిన్నప్పుడు బళ్ళో గాజు గొట్టంలోకి నీళ్ళు పీల్చి, పై చివర వేలితో మూసి ఎత్తితే నీళ్ళు జారేవి కావు. వేలు తీస్తే జారేవి. లోపలికి గాలి పోతేనే బయటికి నీళ్ళు వస్తాయి. ట్యాంకూ అంతే. పెట్రోలు దిగిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళాలి. దానికి మూతలో సన్నటి కన్నం ఉంటుంది. ఈ మూతలో లేదు.

ఎందుకు లేదో పిట్టకి తెలుసు. ఆమె వచ్చిన కొత్తలోనే అసలు మూత గడ్డిలో పడి కత్తుల కింద ముక్కలయింది. పెదనాన్న కొత్త మూత కొనలేదు. కలుపు మందు డబ్బా మూత ఒకటి తెచ్చి, మరలు ఆకురాయితో అరగదీసి, పాత ట్యూబు కత్తిరించి లోపల వాషరు వేసి, అతికినట్టు కూర్చోబెట్టాడు. వంటింట్లోకి పెట్రోలు వాసన వస్తోందని గొణిగే పెద్దమ్మ కూడా ఆ రోజునుంచీ గొణగడం మానేసింది. తోటకి ఎవరొచ్చినా ఆయన ఆ మూత చూపించేవాడు. "చుక్క కారదు, వాసన రాదు. కంపెనీవాడి వల్ల కానిది మన వల్ల అయింది."

మరి రోజూ తన చేతిలో ఎలా లేచేది? ఆ సంగతి తట్టగానే పిట్ట అక్కడే బస్తా మీద కూర్చుండిపోయింది. వచ్చిన కొత్తలో ఒకసారి పెట్రోలు చూసుకోకుండా బండి తీసింది. తోట మధ్యలో ఆగిపోయింది. పచ్చిక కొనడానికి వచ్చినవాళ్ళందరి ముందూ పెదనాన్న చెడామడా తిట్టాడు. ఆ రోజునుంచీ మూత తీసి లోపలికి తొంగిచూడకుండా సీటెక్కేది కాదు. కోత మధ్యలో ఆగినా ముందు మూత తీసి చూసేది. భయం కొద్దీ చేసే ఆ పనిని ఆమె పనిగా లెక్కపెట్టలేదు. అందుకే డ్రైవరుకి చెప్పలేదు. పెదనాన్న మూత తీసేవాడు కాదు. బండిని పట్టుకుని ఊపి, లోపల చప్పుడు విని, "ఉంది" అనేవాడు. ఇవాళ నిన్నటి పెట్రోలు గుర్తుంది కాబట్టి ఆమె కూడా మూత తియ్యలేదు.

చేతివాసీ లేదు, ఏమీ లేదు. తిట్లకి భయపడి మూత తీసిన చెయ్యి. ఆ చేతినే ఇన్నాళ్ళూ ఇక్కడ కట్టేశారు.

*

పెదనాన్న గేటు దగ్గర ఉన్నాడు. డ్రైవరు పచ్చిక చుట్టలు వ్యానులో సర్దుతున్నాడు.

"పెదనాన్నా, బండి సంగతి తెలిసింది" అంది పిట్ట.

"ఏంటీ? గొంతు పెంచు."

"బండి ఎందుకు లేవదో తెలిసింది. మూతకి గాలి కన్నం లేదు. అందుకని పెట్రోలు దిగట్లేదు."

పెదనాన్న చుట్టలు లెక్కపెట్టడం ఆపలేదు. "మూతా? ఏ మూత?"

"మీరు పెట్టిన మూత."

డ్రైవరు సర్దడం ఆపి ఇటు చూశాడు. పెదనాన్న మొహంలో కండరం ఒకటి కదిలింది.

"మెకానిక్ అంతా విప్పి చూశాడు. వాడికి తెలీంది నీకు తెలిసిందా?"

"ఆయన ముందే పాత పెట్రోలు పారబోసేవాడు కదా. అప్పుడు మూత తెరిచేవాడు. గాలి లోపలికి..."

"సరే పద" అన్నాడు పెదనాన్న. ఆ సరేలో ఒప్పుకోవడం లేదు.

షెడ్డులో పిట్ట పైపులు బిగించి, ప్లగ్గు పెట్టింది. పెదనాన్న మూతని తన చేత్తో బిగించాడు, పళ్ళు కరిచిపట్టి మరీ. "ఎక్కవయ్యా" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఎక్కి, చోక్ లాగి తిప్పాడు. మహారాణి ఒక్క దగ్గు దగ్గి లేచింది.

డ్రైవరు నోరు తెరిచాడు. పిట్ట మూత వైపు చూసింది.

"చూశావా?" పెదనాన్న ఇంజను చప్పుడు మీదుగా అరిచాడు. "మూత బిగించే ఉంది. లేచిందా లేదా? మూతకీ దీనికీ ఏం సంబంధం లేదు. ఇవాళ దాని బుద్ధి బాగుంది, అంతే!"

"ఇప్పుడే కదా పెదనాన్నా మూత తీశాం, లోపల గాలి ఉంది..."

"మాట మార్చకు. పొద్దున్నుంచీ నువ్వు చెయ్యి పెట్టి సర్దావు. వాడు తాళం తిప్పాడు, అంతేగా. చేసింది నీ చెయ్యే!"

ఇంత గట్టి గోడకి తలుపెక్కడుంటుంది? బండి లేవకపోతే ఉండాలి. లేస్తే, లేచింది తన చేతి వల్ల కాబట్టి ఉండాలి. పిట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామూలుగా అయితే అక్కడితో తల దించుకుని లోపలికి పోయేది. ఇవాళ పోలేదు. ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. అది నిజమని రేకు డబ్బాలో కళ్ళారా చూసింది.

"ఆపు బాబాయ్" అంది. మూత తీసి, డబ్బా ఎత్తి ట్యాంకు నిండా, అంచు దాకా పెట్రోలు పోసింది.

"అదెందుకు?" అన్నాడు పెదనాన్న.

"లోపల ఖాళీ ఎంత తక్కువుంటే గాలి అంత తక్కువుంటుంది. అంత తొందరగా ఆగిపోతుంది." మూత ఆయన చేతిలో పెట్టింది. "మీరే బిగించండి. బాబాయ్ నడుపుతాడు. నేను ముట్టుకోను."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుంది.

*

డ్రైవరు తోటలోకి పోనిచ్చాడు. పెద్దమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏంటండీ, డ్రైవరు నడుపుతున్నాడు! పిట్ట ఇక్కడుందేంటి?"

"ఆగిపోతుందట. జోస్యం చెప్పింది నీ కూతురు. చూడు" అన్నాడు పెదనాన్న.

మహారాణి ఒక వరస కోసుకుంటూ వెళ్ళింది, తిరిగి వచ్చింది. ఇంకో వరస. ఎప్పుడూ లేనంత బాగా నడుస్తోంది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతున్నాడు, ఊరేగింపులో వెళ్తున్నట్టు. పెదనాన్న మీసం కింద నవ్వు మొదలైంది. పిట్టకి కోపం వచ్చింది, బండి మీద. ఇన్నాళ్ళూ ఆగొద్దని బతిమాలితే ఆగింది. ఇవాళ ఆగమంటే ఆగదేం? బస్సు టైము దగ్గరపడుతోంది. సందు చివర ఏ పెద్ద బండి చప్పుడైనా అటు చూస్తోంది.

తోట ఆ చివర గోడ దగ్గర మలుపు తిరుగుతుండగా ఇంజను ఒకసారి తడబడింది. తేరుకుంది. మళ్ళీ తడబడింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు రెండుసార్లు ఎగశ్వాస పీల్చి ఆగిపోయింది. పక్షుల అరుపులు వినపడేంత నిశ్శబ్దం.

డ్రైవరు తాళం తిప్పాడు. గిర్రు గిర్రు గిర్రు. "మూర్ఛపోయింది!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

అందరూ నడిచి అక్కడికి వెళ్ళారు. పిట్ట చేతులు వెనకే ఉన్నాయి. "పెదనాన్నా, చెవి దగ్గర పెట్టి మూత తియ్యండి."

ఆయన వంగాడు. మూత తిప్పాడు. 'ఉస్స్' మంది. పెదనాన్న అలాగే వంగి ఉండిపోయాడు. మళ్ళీ బిగించబోయి, బిగించకుండా, మూతని ఊరికే పైన ఆనించాడు.

"తిప్పవయ్యా" అన్నాడు మెల్లగా.

ఒక్క దగ్గు. లేచింది.

"ఓరి నాయనో!" డ్రైవరు తల కొట్టుకున్నాడు. "మహారాణికి ఊపిరాడక చస్తుంటే, అలిగిందని తిట్టుకున్నాం కదయ్యా ఇన్నాళ్ళూ!"

పెద్దమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ భర్త మొహం చూసి ఆపేసింది. పెదనాన్న మూతని గుప్పిట్లో తిప్పుతూ, దాని మరల మీద బొటనవేలితో రాస్తున్నాడు. ఎంతో ముద్దుగా చేసుకున్న వస్తువు. పిట్టకి జాలేసింది. కానీ జాలిపడుతూ నిలబడితే బస్సు పోతుంది.

ఆయన ఇప్పుడంటాడేమో అని చూసింది. వెళ్ళు అంటాడేమో అని. ఆయన అన్న మాట ఆయనకి గుర్తుండే ఉంటుంది.

"మంచి పని చేశావు" అన్నాడు పెదనాన్న చివరికి. "ఇంత బుర్ర ఉన్నదానివి, పట్నం పోయి కొత్తగా నేర్చుకునేదేముంది? ఇక్కడే ఉండు. నీళ్ళ మోటారు కూడా ఈమధ్య మొరాయిస్తోంది. ఈ కోతలన్నీ అవనీ, తర్వాత చూద్దాం."

ఆ మాటతో పిట్టకి తెలిసొచ్చింది. బండి బాగుపడితే వదిలేస్తారనుకుంది. బండి ఎప్పుడూ గడియ కాదు. గడియ ఇంకెక్కడో ఉంది. బండి తర్వాత మోటారు, మోటారు తర్వాత ఇంకోటి. ఆయన చెడ్డవాడు కాదు. తోటలో పనికొచ్చే ఏ వస్తువునీ ఆయన బయటపడెయ్యడు, అంతే. అసలు ఇన్నాళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆయనతో వెళ్తానని అనలేదు. సీటొచ్చిందంది. చేరమన్నారంది. ఆఖరు తేదీ చెప్పింది. వెళ్తానన్న ముక్క మాత్రం ఆయన నోట్లోంచి రావాలని ఎదురుచూస్తూ కూర్చుంది.

"నేను వెళ్తున్నాను పెదనాన్నా" అంది.

ఇంజను చప్పుడులో వినపడలేదు. "ఏంటీ?"

"వెళ్తున్నానన్నాను!"

తన గొంతు అంత పెద్దదని పిట్టకే తెలియదు. డ్రైవరు గబుక్కున ఇంజను ఆపేశాడు.

"ఇప్పుడేనా?" పెదనాన్న అటూ ఇటూ చూశాడు. "మరి గడ్డి? గడ్డెవరు కోస్తారు?"

"నేను కోస్తాలెండి అయ్యగారూ, దీని జబ్బు తెలిసిందిగా" అన్నాడు డ్రైవరు.

"నువ్వుండవయ్యా! వ్యానెవరు తోలతారు? అమ్మాయ్, కనీసం రేపటిదాకా..."

"ఏవండీ" అంది పెద్దమ్మ. "అది మిమ్మల్ని అడగట్లేదు. చెప్తోంది."

పెదనాన్న భార్య వంక చూశాడు. ఆవిడ కళ్ళు దించలేదు. ఇన్నాళ్ళూ చేతివాసి, చేతివాసి అని మురిసిపోయిన నోరు అది. ఆయన మూత పట్టుకుని షెడ్డు వైపు నడిచాడు. వెళ్ళు అనలేదు, ఆగు అనలేదు. కాసేపటికి లోపల పెట్టెలో మేకులు వెతుకుతున్న గలగల వినిపించింది.

"చేతులు కడుక్కో, పెట్రోలు కంపు. బస్సులో జనం దిగిపోతారు" అంది పెద్దమ్మ. పిట్ట వైపు చూడలేదు.

"పెద్దమ్మా, కోపమా?"

"కోపం కాదే. నీ చేతిలో ఏదో ఉందనుకుంటే నాకూ హాయిగా ఉండేది. ఇంకెవర్నీ వెతుక్కోక్కర్లేదని." ఆవిడ పిట్ట భుజం మీద ఒక్కటి వేసింది. "వెళ్ళు, నిలబడకు. నిలబడితే మళ్ళీ ఏదో ఒకటి చెడుతుంది."

*

సందు చివర బస్సాగే చోట ఎవరూ లేరు. పిట్ట సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడింది. తోట గోడ ఇక్కడికి కనపడుతుంది. గేటు కనపడదు. పెదనాన్న వెనకాలే వస్తాడేమోనని ఒకసారి, రావడం లేదేమని ఒకసారి అటే చూసింది.

గోడ అవతల ఇంజను లేచింది. డ్రైవరే అయ్యుంటాడు. చప్పుడు దూరంగా వెళ్ళింది, దగ్గరికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఏ మడిలో ఉందో, ఏ మలుపు తిరుగుతోందో చూడకుండానే ఆమెకి తెలుస్తోంది. ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటోంది. మానుకుందామన్నా మానలేకపోతోంది.

చప్పుడు ఆగిపోయింది.

మూత మర్చిపోయి బిగించాడేమో. మేకుతో పెట్టిన కన్నం చాల్లేదేమో. ట్యూబు వాషరు ఆ కన్నానికి అడ్డుపడి ఉంటుంది, అది తీసెయ్యమని చెప్పలేదు. చెప్పలేదే! కాళ్ళు వాటంతటవే గోడ వైపు రెండడుగులు వేశాయి. పరిగెడితే ఇప్పుడే చెప్పి రావచ్చు. ఒక్క మాటే కదా.

మలుపులో బస్సు హారన్ మోగింది. పెద్ద ఇంజను రొద చేసుకుంటూ, దుమ్ము లేపుకుంటూ దగ్గరికొచ్చింది. ఆ రొదలో తోట నుంచి ఏం వినపడుతుంది? బస్సు ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, "ఎక్కుతావా అమ్మాయ్, చూస్తావా?" అని అరిచాడు.

పిట్ట సంచి తీసుకుంది. ఆ ఇంజను ఒక్క క్షణం ఆపమని అడిగితే బాగుండుననిపించింది, అవతల మహారాణి లేచిందో లేదో వినడానికి. అడగలేదు. ఎక్కేసింది.